పసుపు పూసిన కోళ్లు

అక్కా,

దుర్గయ్య బావతో పంపిన పెట్ట నీకు చేరే ఉంటుంది. దాన్ని ఇంట్లోకి రానివ్వకు, పిల్లల్ని ముట్టుకోనివ్వకు.

ఆ పెట్ట, దానితో ఉన్న కోళ్లు నాకు పోచంపాడ్ బాటలో, కాళ్లకు తాళ్లతో, మెడలు వాల్చేసి దొరికాయి. ఒంటినిండా పసుపు. మన ఆర్మూరు పసుపు మార్కెట్లో కాకులు కూడా పచ్చగానే ఉంటాయి కదా, పట్టించుకోలేదు. నీ మరదలే గిన్నెలో కాచిన గోరువెచ్చని నీళ్లతో వాటి కళ్ల పుసులు తుడిచి, చుక్క చుక్కగా గంజి పోసి బతికించింది.

నిన్న పసుపు అమ్మడానికి వచ్చిన సత్తవ్వ వాటిని మా వాకిట్లో చూసి అక్కడే కూలబడింది.

"గివి మా ఊరి కోళ్లు బిడ్డా! అమ్మతల్లి పోసిన ఇండ్లన్నీ తిప్పి, పసుపు రాసి, పీడ పోవాలని పొలిమేర దాటించి ఇడ్సినం. సావాలె గద, ఎట్ల బతికినయ్?"

ఇలాంటివి నేను నమ్మనని నీకు తెలుసు. కోళ్లు హుషారుగా గింజలు ఏరుకుంటున్నాయి. నీ మరదలికి మాత్రం పొద్దుటి నుంచి ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తెరవడం లేదు. పొక్కులింకా కనిపించలేదు. అదే గిన్నెలో నీళ్లు కాచి ఆమె కళ్లు తుడుస్తున్నాను.

పెట్ట సంగతి వద్దు. దాన్ని చంకనెత్తుకుని తిరుగుతానని ఏడ్చి తెప్పించుకున్న నీ చిన్నకూతురు ఎలా ఉందో, అది రాయి.

నీ తమ్ముడు