రబ్బరు గొట్టానికి లంగా బొందు

ఏమండీ, పెనుగంచిప్రోలులో అక్కకి జ్వరమని కబురొచ్చింది, బస్సుకి వెళ్తున్నా. పప్పుచారు పొయ్యి పక్కన ఉంది.

నీళ్ళ రబ్బరు గొట్టం ఎండలో పడెయ్యకండి. కారినప్పుడల్లా కొస కోసి పారేశారు, ఇప్పుడది మల్లెపాదు దాకా రావడం లేదు. కారేది గొట్టం కాదు, కుళాయి దగ్గర వాషరు అరిగింది. పాత సైకిలు ట్యూబులోంచి కొత్తది కత్తిరించా. బిగించడానికి ఇనప క్లిప్పులు రెండు కొన్నా. అన్నీ ఉప్పుజాడీ పక్కన ఉన్నాయి.

మీరు గొట్టానికి కట్టింది తాడు కాదు మహానుభావా, నా ఎర్ర లంగా బొందు! ఆ కట్టుతోనే గొట్టాన్ని చర్చికి మోసుకెళ్ళి బాప్తిస్మం తొట్టి నింపొచ్చారు. పక్కింటి ఆరోగ్యమ్మత్త రోజూ మన దండెం చూసే మనిషి, ఇట్టే గుర్తుపట్టింది. "నీ బొందుక్కూడా బాప్తిస్మం అయిందే సౌభాగ్యం!" అని అందరి ముందూ అంది. పాస్టరుగారు ఆకాశంలోకి చూశారు.

నేనొచ్చేదాకా మల్లెపాదుకి చెంబుతో పొయ్యండి. పెళ్ళయిన కొత్తలో నాకోసం మీరే నాటారు. మర్చిపోయుంటారు.

సౌభాగ్యం

ఇంకోటి చెప్పడం మరిచా. మీ పైజమాల బొందులన్నీ లాగి పట్టుకెళ్తున్నా. గొట్టానికి ఒక క్లిప్పు చాలు. రెండోది నడుముకి బిగించుకోండి.