మాత్రలు మానేసిన మరిది

హాలింగ్‌దాల్,
ఫిబ్రవరి

సీవెర్ గారికి బిర్గిత్ రాసేది.

ఇక్కడ నేనూ, మేకలూ క్షేమం. ఓస్లో ఆస్పత్రి తిండిని తిట్టిపోస్తున్నారంటే మీరూ బాగానే ఉన్నట్టు. జున్ను పంపమన్నారు. డాక్టరమ్మ వద్దంది, పంపను.

పోయినేడు స్కీ పందెంలో కొండ మలుపు దగ్గర కూలబడి మీరు పెట్టిన కేకలు ఊరింకా మరిచిపోలేదు. "ఈ మాత్రలు గుండెకు కళ్లెం వేశాయే! చలికి వేళ్లు కొయ్యబారుతున్నాయి. లేకపోతే తమ్ముడు నా ముందొక లెక్కా?" ఏటా అదే పాట.

ఈసారి పందేనికి ముందు మాత్రలు మానేస్తానని రాశారు. ఆ మాట మీ తమ్ముడు ఎంబ్రిక్ చెవిన వెయ్యమన్నారు, అతనికి నిద్ర పట్టకూడదని. వేశాను. మరిది స్కీలకు మైనం రుద్దుతున్నాడు. నవ్వుతాడనుకుంటే ముఖం పాలిపోయింది.

"అన్న మాత్రలు మానేస్తే నా పని అయిపోయినట్టే వదినా."

"అంత భయమేంటయ్యా? ఏటా గెలిచేది నువ్వేగా!"

"నేనూ అవే మింగుతున్నా వదినా. అన్న కంటే ముందు నుంచీ. ఆయనకు చెప్పకు, ఎగతాళి చేస్తాడు."

అదండీ సంగతి. మిమ్మల్ని ఓడించింది మాత్రలు కావు. అదే కళ్లెంతో అతను ఏటా కొండెక్కి, పైన మీకోసం వేడి బ్లూబెర్రీ జావ పట్టుకుని నిలబడ్డాడు.

ఇక దాచను. ఆ రోజు నుంచే ఎంబ్రిక్ మాత్రలు మానేశాడు. "గుండె ఎగురుతోంది వదినా, కుర్రాణ్ణయిపోయా!" అని పాల కేంద్రం ముందు గంతులేశాడు. ఉన్నట్టుండి మానితే గుండె తిరగబడుతుందని డాక్టరమ్మ మీకు చెప్పిందట. మీరు మాకు చెప్పలేదు. ఆదివారం ఒక్కడే సాధనకు వెళ్లి, మీరు కూలబడే మలుపు దాటి, పైకంటా ఎక్కి, అక్కడ పడిపోయాడు. మేం వెళ్లేసరికి మీసాల మీద మంచు గడ్డకట్టి ఉంది. నిన్న పూడ్చిపెట్టాం. మీకు కబురు పెట్టబుద్ధి కాలేదు.

ఏడవకండి, మీ గుండెకు మంచిది కాదు.

పందేనికి మీ పేరు ఇచ్చానా అని అడిగారు. ఇచ్చాను. మీ వయసువాళ్లలో ఇక మీరొక్కరే. మాత్రలు వేసుకునే రండి. నడుచుకుంటూ ఎక్కినా మొదటి బహుమతి మీదే.

ఇట్లు,
ఎంబ్రిక్ వదిన
బిర్గిత్