నువ్వు కట్టిన చేతులు

అన్నా,

ఇవాళ నీ సంవత్సరీకం. అది ముగిశాక, నీ కేతేపల్లి పిల్లల ఫుట్‌బాల్ చూద్దామని నల్లగొండ మైదానానికి వెళ్లాను. పట్నంలో జట్టు తర్వాత జట్టు మారుతూ నువ్వు అన్నేళ్లు ఆడినా, నేను ఏనాడూ చూడలేదు.

ఊరికి తిరిగొచ్చి పిల్లలకు ఆట నేర్పేటప్పుడు రుమాలుతో వాళ్ల చేతులు వెనక్కి కట్టేవాడివి. "చేతులుంటే ఎదుటోని అంగీ గుంజబుద్ధయితది. మేకను ఎంబడి ఉరికి పడతరా? అది పోయే దారిల నిలబడాలె" అనేవాడివి. నేను నవ్వేదాన్ని.

ఇవాళ బూట్లేసుకున్న పట్నం ఆటగాడొకడు అందరినీ దాటి బంతితో దూసుకొచ్చాడు. గోలు ముందు నీ పిల్లల్లో మేకలు కాసే మల్లయ్య ఒక్కడే, ఉత్త కాళ్లతో ఉన్నాడు. కట్టు లేకపోయినా చేతులు వెనక్కి పెట్టుకొని, మెల్లగా వెనక్కి నడుస్తూ దారి మూశాడు. వచ్చినవాడు పక్కకు, ఇంకా పక్కకు జరిగి, చివరికి బంతితో సహా పక్క గీత దాటి మైదానం బయటికి పోయాడు. మల్లయ్య వాడిని ముట్టుకోనే లేదు.

"గిట్ల నిలబడేటోడు ఎనకట పట్నంల ఒక్కడుండె" అన్నాడు నా పక్కనున్న ముసలాయన.

పేరడిగాను.

"యాదికి లేదు బిడ్డా. గోలు కొట్టనోని పేరు ఎవలకు యాదుంటది? ఆ నిలబడుడు మాత్రం మరువలే."

నీ పేరు నేను చెప్పలేదు. మొదటిసారి నీ ఆట చూస్తున్నాను మరి.