అల్లుణ్ణి గుమ్మంలో ఆపిన దుకాణం

వాట్‌ఫర్డ్,
ఆదివారం.

బాపుకు, అమ్మకు మీ బిడ్డ మనోజ్ఞ దండాలు.

మేం ముగ్గురం ఇక్కడ బాగానే ఉన్నాం. సిరికి జలుబు తగ్గింది, నవదీప్ ఎప్పట్లాగే రైల్లో ఆఫీసుకు వెళ్లి వస్తున్నాడు, నేను మాత్రం నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి కాలు ఒకచోట నిలపలేకపోతున్నాను. మీరిద్దరూ కులాసా అని రాశావు సరే, అమ్మ మోకాలి సంగతి ఒక్క ముక్క రాయలేదేం? డాక్టరుకు చూపించారా, ఇంకా నూనె రాసుకుంటూనే కూర్చుందా?

బాపూ, నిజంగా నిన్నే పిలిచారా? క్రికెట్ పందేలకు లైసెన్సులిచ్చి చట్టం కిందికి తేవాలా, ఇప్పుడున్నట్టు నిషేధించే ఉంచాలా అని మన రాష్ట్రం వేసిన కమిటీ, రిటైరైన హెడ్ కానిస్టేబుల్ వెంకటయ్యను అడగడమా! అడగరూ మరి! సర్వీసంతా బుకీల వెనక ఉరికినవాడివి, నీకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? ఆ ముక్క చదివి నేను పెట్టిన కేకకు పోపు మాడిపోయి స్మోక్ అలారం మోగింది. సిరి పరుగెత్తుకొచ్చి "ఈజ్ తాత ఫేమస్ నౌ?" అంది. అవునే అన్నాను. మర్నాడు స్కూల్లో టీచరుకు కూడా చెప్పి వచ్చింది.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. మీ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది, పక్కింటి నాగేశ్వరి ఆంటీ దాకా వినిపిస్తుంది. ఇందులో నువ్వొక్కడివే ముందు చదవాల్సిన మాట ఒకటుంది. దానికి ముందు నీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను, వాంగ్మూలం తీసుకున్నట్టు వరసగా అడిగావు కదా.

పందేల దుకాణాలు ఇక్కడ బాహాటంగా ఉంటాయంటే కమిటీవాళ్లు నమ్ముతారా అన్నావు. నువ్వు కళ్లారా చూసిందే చెప్పు. పోయిన ఎండాకాలం నువ్వొచ్చినప్పుడు, హై స్ట్రీట్‌లో బేకరీ పక్కనే అద్దాల తలుపుతో ఉన్న ఆ దుకాణం చూసి నీకు కాలు ముందుకు పడలేదు. ఎదురుగా బస్‌స్టాప్‌లో పేపరు అడ్డం పెట్టుకుని, మఫ్టీ డ్యూటీలో ఉన్నట్టు కాపు కాశావు. కాపలావాడు ఎక్కడున్నాడో, వెనక తలుపు ఎటుందో వెతికావు. చివరికి నాకు ఫోన్ చేసి గుసగుసగా, "ఇంతసేపు జూసిన బిడ్డా, ఒక్కడన్న ఉరుకుతలేడు. గిదేం దందా?" అన్నావు. ఆఫీసులో నవ్వు ఆపుకోలేక చచ్చాను.

ఠాణాకు మామూలు ఎంత పోతుందని అడిగావు. ఠాణాకు పోయేదేమీ లేదు బాపూ, పోయేదంతా పన్ను కింద ప్రభుత్వానికే. దుకాణం తెరవాలంటే కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, దాని అనుమతి కావాలి, చుట్టుపక్కలవాళ్లు వద్దని అభ్యంతరం చెప్పుకోవచ్చు. పైన ఒక కమిషన్ ఉంటుంది. నియమం తప్పిన కంపెనీకి జరిమానా వేస్తుంది, అవసరమైతే లైసెన్సే పీకేస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు లోపలికి ప్రవేశం లేదు. మోసం జరిగితే వెళ్లి ఫిర్యాదు చేయడానికి ఒక చోటుంది.

అయితే ఇక్కడంతా బంగారమేనా అంటే కానే కాదు, అది కూడా చెప్పు. ఫుట్‌బాల్ పెడితే ప్రకటనలే ప్రకటనలు. సిరికి ఎక్కాలు రావు కానీ పందెం కంపెనీల పేర్లు వచ్చు. లైసెన్సు లేని వెబ్‌సైట్లు ఇక్కడా ఉన్నాయి. అన్నిటికంటే ఫోన్‌తోనే తంటా. దుకాణానికి మూసే వేళ ఉంటుంది, ఫోన్‌కు ఉండదు. మరి నిషేధం ఉన్న మన దగ్గర మాత్రం ఏమైంది? నువ్వే అనేవాడివి, "దొరికేది చాయ్ హోటల్ల ఫోన్ పట్టుకున్న పోరగాళ్లు. అసలోడు ఏడున్నడో దేవునికెరుక" అని. ఆ మాట కమిటీలో అచ్చం అలాగే అనాలి. ఇంగ్లిష్‌లోకి మార్చి పాడుచేయకు.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన సంగతి. "ఆ దుకాణపు పిల్ల అల్లుణ్ణి గుమ్మంలనే ఎందుకు ఆపింది? మనోళ్ల రంగు జూసే ఆపింది. కమిటీల ఇది తప్పక చెప్త" అని రాశావు.

బాపూ, ఆ మాట చెప్పకు.

ఆ రోజు నువ్వు బస్‌స్టాప్‌లో ఉండబట్టలేక లోపలికి వెళ్లావు. వాన మొదలైందని నిన్ను తీసుకురావడానికి నవదీప్ వచ్చాడు. అతను గుమ్మం దాటకముందే కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి గబగబా ఎదురొచ్చి, "సారీ సర్, మీరు లోపలికి రాకూడదు" అంది. నవదీప్ ఒకడుగు వెనక్కి వేశాడు. నువ్వేమో "ఐ యామ్ పోలీస్! హీ ఈజ్ మై సన్-ఇన్-లా!" అని దుకాణం అదరగొట్టావు. ఆ అమ్మాయి సారీ తప్ప ఇంకో మాట అనలేదు. "నన్ను చూసి ఎవరనుకుందో ఏమో" అంటూ నవదీప్ నిన్ను బయటికి లాక్కొచ్చాడు.

రంగు చూసి ఆపేదైతే నిన్నే ముందు ఆపేది. ఆమె ఇంకెవరో అనుకోలేదు, నవదీప్ అని తెలిసే ఆపింది. అతని ఫొటో వాళ్ల దగ్గరుంది. ఆ ఫొటో తీసింది నేనే.

కూర్చుని చదువు. నువ్వు రాకముందు, ఐపీఎల్ రోజుల్లో, నీ అల్లుడు ఫోన్‌లో పందేలు కాయడం మొదలుపెట్టాడు. మొదట సరదాకే. తర్వాత అన్నం దగ్గరా ఫోనే, సిరితో ఆడుకుంటూ కూడా ఫోనే. అడిగితే ఆఫీసు పని అనేవాడు, నేను నమ్మేదాన్ని. ఒకరోజు ఆ కంపెనీ నుంచే ఒకావిడ ఫోన్ చేసి, "ఈమధ్య బాగా ఎక్కువ ఆడుతున్నారు, అంతా బాగానే ఉందా?" అని అడిగిందట. ఇతను ఓడితే లాభపడేవాళ్లు అడిగిన మాట అది! అడగకపోతే వాళ్ల లైసెన్సుకే ముప్పు కదా. నవదీప్ వంటింట్లోకి వచ్చి, స్టవ్ కట్టేసి, అంతా చెప్పేశాడు. ఇద్దరం ఏడ్చాం. నేను బాగా తిట్టాను కూడా, నీ బిడ్డనే కదా.

ఇక్కడ ఒక ఏర్పాటుంది. "నన్ను ఆడనివ్వకండి" అని ఎవరికి వాళ్లే పేరు రాయించుకోవచ్చు. అలా రాయించుకున్నవాడి పందెం లైసెన్సున్న ఏ యాప్ కూడా తీసుకోకూడదు. దుకాణాలకైతే ఫొటో ఇవ్వాలి. అతన్ని వంటింటి తెల్ల తలుపు ముందు నిలబెట్టి తీశాను. నవ్వొద్దంటే నవ్వాడు, మళ్లీ తీశాను. ఠాణా బోర్డు మీద నువ్వు దొంగల ఫొటోలు అతికించేవాడివి. నీ అల్లుడు తన ఫొటో తానే తీసుకెళ్లి ఇచ్చి, నేనొస్తే వెనక్కి పంపండి అని చెప్పి వచ్చాడు. ఆ అమ్మాయి అదే చేసింది. అతని గుట్టు నీ ముందు విప్పకూడదని నీ తిట్లన్నీ నోరు మెదపకుండా పడింది.

నీకు అప్పుడే ఎందుకు చెప్పలేదంటే భయం బాపూ. పందెమాడేవాణ్ణి నువ్వు మనిషి కింద జమకట్టవు. నీ కళ్లలో నవదీప్ చిన్నవాడైపోతాడని ఇద్దరం ఊరుకున్నాం. కానీ మొన్న నీ ఉత్తరం చదివి వినిపిస్తే అతనే లేచి, "ఆ పిల్ల మీద నింద పడొద్దు. మామయ్యకు మొత్తం రాసెయ్యి" అన్నాడు.

నిన్న ముగ్గురం ఆ దుకాణం దగ్గరికి వెళ్లాం. సిరితో అతను బయటే నిలబడ్డాడు, నేను లోపలికెళ్లి ఆమెను పిలుచుకొచ్చాను. "మా మామగారు ఆ రోజు మీమీద అరిచారు, సారీ" అన్నాడు. ఆమె పకపకా నవ్వి, "ఆ పోలీసాయనా! ఈసారి వస్తే టీ ఇస్తాను. మీకు మాత్రం తలుపు తీయను" అంది. నడి బజారులో నిలబడి అందరం నవ్వాం. మా ఇంట్లో ఏదో బరువు దిగిపోయింది, ఎంత సంతోషంగా ఉందో ఎలా చెప్పను!

లైసెన్సులిమ్మంటావో, నిషేధమే మేలంటావో నీ ఇష్టం. ఇచ్చేటట్టయితే మాత్రం, తలుపు తెరిచేవాడికే గుమ్మంలో ఆపే బాధ్యత కూడా చట్టం పెట్టాలని గట్టిగా చెప్పు. ఎవరో తెలిసినవాడి సంగతి అని దాచొద్దు, అల్లుడి పేరు చెప్పమని అల్లుడే అంటున్నాడు. అదే ఫొటో ఇంకో కాపీ కవర్లో పెట్టాను, అవసరమైతే కమిటీకి చూపించు. అమ్మకు నువ్వే నెమ్మదిగా చెప్పు.

కోపమొస్తే కమిటీ అయ్యాక ఫోన్ చేసి తిట్టు. స్పీకర్లోనే తిట్టు బాపూ, నాగేశ్వరి ఆంటీని కూడా విననీ.

ఇట్లు,
హెడ్ కానిస్టేబుల్ గారి బిడ్డ,
మనోజ్ఞ