ఆపి చూసే వారాలు

మార్చి 4

ఆఫీసులో మీటింగ్. మా సంస్థను పోషించేవాళ్లు రుజువు అడిగారట. మేము ఇళ్లకు వెళ్లి చేసే సాయం నిజంగా పనిచేస్తోందా, లేక జనం వాళ్లంతట వాళ్లే తేరుకుంటున్నారా అని. అది తేల్చడానికి పరిశోధన సారు వచ్చారు. గోడ మీద గ్రాఫ్ చూపించారు. సాయం మొదలయ్యాక దిగులు గీత కిందికి దిగింది. ఇప్పుడు కొన్ని వారాలు సాయం ఆపి చూడాలట. గీత మళ్లీ పైకి లేస్తే, తగ్గించింది మనమేనని తేలుతుందట. తర్వాత మళ్లీ మొదలుపెట్టొచ్చట.

ఆపి చూడటానికి ఎంచుకున్నది మా టైలరమ్మను. అందరిలోకీ బాగా తేరుకున్నది ఆమే కాబట్టి.

మరి మనిషి పడిపోతే ఎలా సార్ అని అడిగాను. పడిపోతేనే కదమ్మా రుజువు అన్నారు నవ్వుతూ. బిస్కెట్ టీలో ముంచుకుని తిన్నారు. నా టీ సింకులో పారబోశాను. 

మార్చి 5

టైలరమ్మకు కాన్పులో బిడ్డ పోయింది. మొగుడు అంతకు ముందే వదిలేసి పోయాడు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎనిమిదేళ్ల పెద్దపిల్ల బడి మానేసి స్టూలెక్కి వంట చేస్తోంది. దిగులు ఎంత అంటే పదికి తొమ్మిది. ఎనిమిది దాటితే పిల్లను పిల్లల హోంకు పంపడం రూలు అని మా ఆఫీసు మేడం ఆ పిల్ల ముందే చెప్పారు. గడువివ్వమని నేను బతిమాలితే, సరే, ఈ ఒక్కసారికే అన్నారు.

రోజూ వెళ్లాను. నేను చేసిందేముంది, పక్కన కూర్చున్నాను. కొన్నాళ్లకు లేచి కూర్చుంది. తర్వాత మిషన్ తొక్కింది. పిల్ల బడికి వెళ్లింది.

ఈరోజు అంకె అడిగాను. ఎంత చెప్పమంటావక్కా, నీ ఉద్యోగానికి ఎంతయితే మంచిది అని నవ్వింది. నిజం చెప్పవే అంటే, అయితే మూడు రాసుకో అంది. ఎందుకు మానేస్తున్నానో తనకు చెప్పకూడదు, చెబితే ఫలితం చెడుతుందట. కొన్నాళ్లు వేరే డ్యూటీ పడిందమ్మా అన్నాను. నోరు చేదెక్కింది.

మార్చి 8

వెళ్లలేదు.

మార్చి 11

ఏమిటలా ఉన్నావు అని ఇంట్లో ఈయన అడిగితే చెప్పాను. ఓహో, గొడుగు పనిచేస్తోందో లేదో తెలియాలంటే వానలో గొడుగు లాక్కోవాలన్నమాట, మీ సారు ఎప్పుడైనా తడిశాడా అన్నారు. నవ్వు రాలేదు. అంత రోతగా ఉంటే వెళ్లు, నిన్నెవరు కట్టేశారు అన్నారు.

వెళితే పరీక్ష చెడుతుంది. రుజువు లేకపోతే మొత్తం పనే మూసేస్తారు. నేను వెళ్లే ఇళ్లూ, మిగతావాళ్లు వెళ్లే ఇళ్లూ అన్నీ పోతాయి. దేవుడి ముందు కూర్చున్నాను. టైలరమ్మ పడిపోవాలని అడగనా, పడిపోకూడదని అడగనా? దేవుణ్ణి ఇలాంటిది అడగాల్సి రావడమే అసహ్యంగా ఉంది. లేచి వచ్చేశాను.

మార్చి 14

వారానికోసారి ఫోన్ చేసి అంకె అడిగే పని నాతో పనిచేసే పొడుగావిడది. ఈ వారం రెండట. తగ్గింది.

సారు మొహం మాడిపోయింది. అయ్యో, ఇంకా తగ్గిందా అన్నారు మేడం. ఒక మనిషి బాగుందని తెలిసి ఇంతమంది దిగాలు పడటం నా జన్మలో చూడలేదు.

అంతకంటే రోత ఏమిటంటే, నాకూ మనసు చివుక్కుమంది. నేను లేకపోయినా బాగానే ఉందన్నమాట! నా వల్లే లేచిందని ఇన్నాళ్లూ మురిసిపోయాను. ఛీ, ఏం మనసు ఇది.

మార్చి 21

మళ్లీ రెండే. మీ సాయం ఉన్నా లేకపోయినా ఒకటేనని తేలుతోందమ్మా, ఇంకో అంకె చూసి రాసేస్తాను అన్నారు సారు.

టైలరమ్మ గొంతు ఎలా ఉంది అని పొడుగావిడను అడిగాను. నాకేం తెలుసక్కా, ఫోన్ పిల్లే ఎత్తుతుంది, మా అమ్మ రెండు అంది అంటుంది, నేను రాసుకుంటాను అంది. ఏ వేళప్పుడు చేస్తావు అన్నాను. పదకొండింటికి అంది.

పదకొండింటికి ఆ పిల్ల బడిలో ఉండాలి.

మార్చి 21, సాయంత్రం

వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు.

పిల్ల తలుపు తీసింది. గదంతా ముక్కిన వాసన. మిషన్ మీద మాసిన బట్టల కుప్ప. టైలరమ్మ గోడవైపు తిరిగి ఉంది. పిలిస్తే పలకలేదు. రెండని చెప్పమంది అమ్మేనా అని పిల్లను అడిగాను. కాదు పెద్దమ్మా, నేనే, ఎక్కువ చెబితే నన్ను తీసుకుపోతారుగా, ఒకటి అంటే నమ్మరని రెండు చెప్పాను అంది.

మాడిన గిన్నెలు తోముతూ ఏడ్చాను. చదువుకున్నవాళ్లూ నేనూ కలిసి ఇన్నాళ్లూ ఏం చేశామో చూడాలంటే ఆ గదిలోకి వెళ్లాలి.

మార్చి 22

పిల్లలు ఫోన్లో పొరపాటు చెబుతుంటారేమో సార్ అని మాత్రమే అన్నాను. సారు మొహం వెలిగిపోయింది. పడిపోయిందా అన్నారు. ఆ గొంతులో అంత ఆశ! అదే నిజమైతే మన పని నిలబడుతుంది అన్నారు మేడం. మరి పిల్ల అన్నాను. రూలు రూలే, గడువు ఒకసారి ఇచ్చాంగా, హోంలో తిండికీ చదువుకీ లోటేముంది అన్నారు. రేపు నన్నే వెళ్లి అంకె తెమ్మన్నారు.

వాళ్లిద్దరి మొహాలు చూడాలంటే ఒళ్లు జలదరిస్తోంది.

మార్చి 23

అంకె అడగలేదు. తొమ్మిదంటే మా పని బతుకుతుంది, పిల్ల పోతుంది. పిల్ల పోతే ఆ తల్లి ఇక లేవదు. రెండంటే పిల్ల ఉంటుంది, మా పని పోతుంది.

ఆఫీసుకు వెళ్లి రెండు అన్నాను.  సారు పెన్నుకు మూత పెట్టేశారు.

పొడుగావిడ మెట్ల దగ్గర ఆపింది. నేనూ ఫోన్ చేస్తూనే ఉన్నానక్కా, ఆ పిల్ల సంగతి నాకూ అర్థమైంది, కానీ మా అందరి పొట్ట కొట్టావు అంది. మెల్లగానే అంది. అందులో అబద్ధం లేదు. ఆ రోత నాది, నేనే మోయాలి.

ఇంటికొచ్చి ఈయనకు చెప్పాను. పొద్దున్నే డాక్టరమ్మను తీసుకుని వెళ్లు, రాత్రిళ్లు పిల్లను మనింట్లో పడుకోబెట్టు అన్నారు.

ఏప్రిల్ 2

తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే టైలరమ్మ కళ్లు తెరిచింది. చన్నీళ్లతో చంపుతావా ముసల్దానా, పో అవతలికి అంది.

పోలేదు. ఇంకా తిట్టమన్నాను.