నొప్పులప్పటి కూనిరాగం

డెట్రాయిట్, మంగళవారం

అమ్మా, నేనూ నా కడుపులో బిడ్డా బాగానే ఉన్నాం, ముందు ఆ మాట చదువుకో.

నిన్న నొప్పులొస్తే నీ అల్లుడు క్లియోఫస్ నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నువ్వు నేర్పినట్టే పళ్ళు బిగించి, మన చర్చి పాట కూనిరాగం తీస్తూ కూర్చున్నా. పత్తిచేలో నిన్ను కంటూ అమ్మమ్మ తీసిన రాగం అదే కదా! తెల్లజాతి నర్సు వచ్చి, నా నల్లటి ఒంటి మీద చెయ్యైనా వెయ్యకుండా, "పాటలు పాడుకునేదానికి నొప్పులేంటి? లే, ఇంటికి పో" అంది. నొప్పిగా ఉందని నోరు తెరిచి చెప్పడం నాకు చేతకాలేదమ్మా. రాత్రికి తగ్గాయిలే. కానీ మా పక్కింటి ఐడెల్లాని కూడా ఇలాగే వెనక్కి పంపేశారు. దాన్నీ, దాని బిడ్డనీ ఒకే పెట్టెలో పూడ్చి ఇంకా నెల కాలేదు.

చెల్లి ఓజెల్లా దగ్గు తగ్గిందా? కోళ్ళని దానికి అప్పగించి, ఈ కార్డు అందగానే బస్సెక్కు. మన చర్చి పెద్దావిడలు నూనె రాసి ప్రార్థన చేసిన గుడ్డముక్క మర్చిపోకు, కాన్పు క్షేమంగా జరగాలని లోపావడాకి పిన్నుతో గుచ్చుకుంటా. నీ అల్లుడు నీ చేతి మొక్కజొన్న రొట్టె కావాలంటున్నాడు.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఓర్చుకోవడం నేర్పావు సరే, ఈసారి పక్కన కూర్చుని అరవడం నేర్పమ్మా. నీ అరుపు నేనెప్పుడూ వినలేదు. నీకూ రాకపోతే ఇద్దరం కలిసి నేర్చుకుందాం.

నీ వెర్నెల్