భుజం పట్టేసిన కోటు

డాక్టరుగారికి,

భుజం దగ్గర పట్టేస్తోందని మీరు పంపిన తెల్లకోటు సరిచేసి, ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

మూడేళ్లు నా కుడి భుజానికి సూదులు పొడిచారు. చివరికి మా ఆయన ముందే, "నొప్పి లేదు, గిప్పి లేదు, అంతా నీ మనసులోనే ఉందమ్మా. కుట్టుపని మానెయ్" అన్నారు. ఆరోజు నుంచి ఇంట్లో నేను దొంగనాటకాలదాన్నయ్యాను.

పోయిన నెల ఫిజియోథెరపీ ఆవిడ నా పొట్టమీది పాత ఆపరేషన్ మచ్చ నొక్కగానే భుజం జివ్వుమంది. "ఇక్కడ బిగిసింది, అక్కడ లాగుతోందండీ" అంది. నాలుగు వారాలు ఆ మచ్చకే మర్దన చేసింది. ఇప్పుడు చెయ్యి తలమీదికి లేస్తోంది.

మీరు ఒక్కసారైనా ఆ మచ్చ గురించి అడిగారా?

మీ కోటు భుజాన్ని నేను ముట్టుకోలేదు. చంక కింద పక్కకుట్టు ఎవరో బిగించేశారు. అది విప్పాను. వేసుకుని చూడండి.

కుట్టుపని మానని
మీ దర్జీ